తిరుపతిలో ఓటు సేవ: బూత్ బాగుంది, జాబితా బాగాలేదు

2024 మే 13న తిరుపతి లోక్‌సభ పరిధిలో ఓటేసిన ప్రతి ఒక్కరూ రెండు మీటలు నొక్కారు, ఒకటి ఎమ్మెల్యేకి, ఒకటి ఎంపీకి. జూన్ 4న లెక్క తేలింది. గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి, సర్వేపల్లి, తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు, ఏడుకు ఏడు అసెంబ్లీ స్థానాలూ టీడీపీ, జనసేన, బీజేపీల కూటమికి వెళ్లాయి. ఎంపీ సీటు మాత్రం వైసీపీకి దక్కింది. ఒకే క్యూలో నిలబడిన జనం ఎమ్మెల్యేని ఒకలా, ఎంపీని ఇంకొకలా తూచారు, ఆ తేడా చెక్కుచెదరకుండా ఫలితంలోకి వచ్చింది. ప్రజల మాట వినపడుతోందా అని అడిగేవాళ్లకు మొదట చూపాల్సింది ఇదే. పోలింగ్ బూత్‌ను ఒక సేవగా పరీక్షిస్తే లోపల జరిగే పనికి మంచి మార్కులే వేయాలి. మార్కులు పోయేది బూత్ గుమ్మం ఎక్కకముందు, లెక్కింపు ముగిశాక.

లోపలి పని సంగతి. మీట నొక్కగానే అభ్యర్థి పేరు పక్కన ఎర్ర దీపం వెలుగుతుంది. పక్కనున్న వీవీప్యాట్ అద్దంలో వరుస సంఖ్య, పేరు, గుర్తు ఉన్న చీటీ ఏడు సెకన్లు కనిపించి డబ్బాలో పడిపోతుంది. చాలామంది దీపం చూసి వచ్చేస్తారు. చూడాల్సింది చీటీని. గుర్తు తప్పు పడిందని అనిపిస్తే అక్కడే ప్రిసైడింగ్ అధికారికి చెప్పాలి. రాతపూర్వకంగా సంతకం తీసుకుని, అభ్యర్థుల ఏజెంట్ల ముందు పరీక్ష ఓటు వేయిస్తారు. ఫిర్యాదు అబద్ధమని తేలితే కేసు అవుతుంది కాబట్టి కళ్లారా చూశాకే నోరు విప్పడం మంచిది.

ఎక్కువ పొరపాట్లు జరిగేది పోలింగ్ మొదలు కాకముందే. గంటన్నర ముందు ఏజెంట్ల సమక్షంలో కనీసం 50 ఓట్లతో మాక్ పోల్, అంటే ఉత్తుత్తి పోలింగ్ చేస్తారు. తర్వాత క్లోజ్, రిజల్ట్, క్లియర్ అనే మూడు మీటలు వరసగా నొక్కాలి. వీవీప్యాట్ డబ్బాలోని చీటీలు తీసి నల్ల కవరులో పెట్టి సీలు వేయాలి. హడావిడిలో క్లియర్ నొక్కడం మరిచిపోతే ఆ ఓట్లు అసలు ఓట్లతో కలిసిపోతాయి, లెక్కింపు రోజు యంత్రం చూపే అంకె పోలైన ఓట్ల లెక్క రాసే ఫారం 17సీలోని అంకెతో సరిపోదు. అలాంటి యంత్రాన్ని పక్కన పెడతారు. పక్కన పెట్టిన యంత్రాల ఓట్ల కన్నా మెజారిటీ ఎక్కువుంటే దాని జోలికి పోరు, తక్కువుంటే చీటీలు లెక్కిస్తారు. ఇదేదో పుస్తకాల్లో మాట అనుకోవద్దు. 2019లో తిరుపతి అసెంబ్లీ ఫలితం తేలింది 708 ఓట్ల తేడాతో. వెయ్యి మంది ఓటేసిన ఒక్క బూత్ యంత్రం పక్కకు పోతే చాలు, ఫలితం ఆగిపోయేది. అందుకే ఏజెంట్‌గా కూర్చునేవాళ్లు మాక్ పోల్ తర్వాత సున్నా కనిపించిందో లేదో చూడాలి, సీలు నంబర్లు రాసుకోవాలి, సాయంత్రం 17సీ నకలు చేతికి రానిదే కుర్చీ వదలకూడదు.

ఇక జాబితా. ఈ సేవలో అన్నింటికన్నా బలహీనమైన భాగం ఇదే, తిరుపతిలో మరీనూ. అద్దె ఇళ్లు మారేవాళ్లు, హాస్టళ్లలో ఉండే విద్యార్థులు, కొండ మీద పని కోసం వచ్చి స్థిరపడ్డవాళ్లు ఉన్న ఊరిది. ఇల్లు మారినా పేరు జాబితాలో పాత బూత్ భాగంలోనే ఉండిపోతుంది, ఊరు వదిలినవాళ్ల పేర్లు పోవు. దొంగ ఓటుకు దారి ఇక్కడే తెరుచుకుంటుంది. 2021 ఏప్రిల్ 17న జరిగిన తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నికలో అధికారిక లాగిన్‌తో వేల ఓటరు కార్డులు డౌన్‌లోడ్ అయిన వ్యవహారంలో ఒక ఐఏఎస్ అధికారి సస్పెండ్ అయింది 2024లో. అప్పటికి మూడేళ్లు కావొస్తోంది. ఆలస్యంగా వచ్చిన ఆ చర్య ఆనాటి ఓటరుకు ఏం తిరిగిచ్చింది?

కార్డు జేబులో ఉన్నంత మాత్రాన ఓటు ఉన్నట్టు కాదు. ఎన్నికల సంఘం యాప్‌లో కార్డు నంబరు కొట్టి భాగం సంఖ్య, వరుస సంఖ్య చూసుకోవాలి. కొత్త ఓటుకు ఫారం 6, ఇల్లు మారితే, తప్పులుంటే ఫారం 8, పేరు తీసేయడానికి ఫారం 7. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ ఒకటో తేదీల్లో దేనికి 18 నిండినా అర్హతే. నామినేషన్ల చివరి రోజుకు కనీసం పది రోజుల ముందే దరఖాస్తు చేయాలి, విచారణకు ఆ మాత్రం సమయం పడుతుంది.

బూత్‌కు వెళ్లేసరికి మన పేరు మీద ఎవరో ఓటేసి ఉంటే గొడవపడి వెనక్కి రావద్దు. టెండర్ ఓటు అడగండి. గుర్తింపు రుజువైతే కాగితపు బ్యాలెట్ ఇస్తారు, కవరులో పెట్టి భద్రపరుస్తారు. అది మామూలు లెక్కింపులో కలవదు, కోర్టుకు వెళ్తేనే తెరుచుకుంటుంది. అయినా వేయాలి, మోసం జరిగిందనడానికి మిగిలే సాక్ష్యం అదే కనుక.

లెక్కింపులో ఒక్కో అసెంబ్లీ సెగ్మెంట్‌కు ఐదు బూత్‌ల చీటీలనే లాటరీ తీసి సరిచూస్తారు. తిరుపతిలో ఉన్నవి రెండు వందలకు పైగా. 708 లాంటి తేడా వచ్చినచోట ఐదు చాలవని మా అభిప్రాయం. 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో రెండో, మూడో స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు ఏడు రోజుల్లోగా రుసుము కట్టి ఐదు శాతం యంత్రాల మైక్రోకంట్రోలర్లను, అంటే లోపలి చిప్‌లను తనిఖీ చేయించుకునే వీలు వచ్చింది. ఓటరుకు ఆ హక్కు లేదు.

అసలు నష్టం ఓట్లు సీట్లుగా మారేటప్పుడు జరుగుతుంది. 2019లో టీడీపీకి రాష్ట్రంలో 39 శాతం ఓట్లు వస్తే 175 సీట్లలో దక్కినవి 23. 2024లో వైసీపీకీ అదే 39 శాతం, దక్కినవి 11. పదిమందిలో నలుగురి మాట రెండుసార్లూ శాసనసభ గడప దగ్గరే ఆగిపోయింది. ఇది యంత్రాల తప్పు కాదు, ముందున్నవాడికే మొత్తం సీటు అనే నియమం చేసిన పని ఇది. వీరెవరూ వద్దని చెప్పే నోటాదీ అదే పరిస్థితి. 2013 నుంచి మీట ఉంది, దానికే ఎక్కువ ఓట్లు పడినా తర్వాతి అభ్యర్థే గెలుస్తాడు.

అన్నింటికన్నా తక్కువ మార్కులు ఏకగ్రీవాలకు. 2021 మార్చి నగరపాలక ఎన్నికల్లో తిరుపతిలో చాలా డివిజన్లకు పోలింగే జరగలేదు. ఒక్క నామినేషనే మిగిలితే బూత్ తెరవరు, కాదనడానికి నోటా కూడా ఉండదు. ఒక్కరే బరిలో ఉన్నా ఆ ఒక్కరి పేరు, కింద నోటా ముద్రించిన బ్యాలెట్ ఓటరు చేతికి ఇవ్వాలి.