ఎలుక దగ్గరా, మంచం పక్కనా?

పక్షవాతం తర్వాత మెదడు ఎలా కోలుకుంటుందో పరిశోధించాలనుకునే హైదరాబాద్ విద్యార్థి ముందు రెండు దారులున్నాయి. ఒకటి హబ్సిగూడలోని కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ తరహా ప్రయోగశాల, రెండోది పంజగుట్ట నిమ్స్ తరహా ఆసుపత్రి వార్డు.

ప్రయోగశాలలో అదుపు మనదే. ఎలుక మెదడులో ఏ రక్తనాళాన్ని ఎన్ని నిమిషాలు మూయాలో మనమే నిర్ణయిస్తాం. ఆ తర్వాత అది సన్నని సందులోంచి ముందుకాలు చాపి గింజను ఎన్నిసార్లు అందుకుందో, ఎన్నిసార్లు జారవిడిచిందో రోజూ లెక్కపెడతాం. విసుగు పుట్టించే పనే. కానీ 1996లో శాస్త్రవేత్త నూడో బృందం కోతుల్లో కనుగొన్న విషయం ఇలాంటి ఓపికకు దక్కిన ఫలమే: శిక్షణ ఇస్తే, దెబ్బతిన్న చోటికి పక్కనే ఉన్న మెదడు భాగం చేతి కదలికలపై పట్టు కోల్పోలేదు.

వార్డులో అదుపు ఉండదు. బోరబండ నుంచి వచ్చిన పెద్దాయనకు షుగరు, బీపీ, పైగా దిగులు. చేయి కదలికకు ఫుగల్-మేయర్ కొలతలో 66కి 31 వేస్తాం. ఆయన మాత్రం "అన్నం ముద్ద కలపగలనా బాబూ?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు ఎలుక జవాబివ్వదు.

పైగా ఊహలు తలకిందులయ్యేదీ ఇక్కడే. తొలి 24 గంటల్లోనే మంచం దింపి, మరింత ఎక్కువగా కదిలిస్తే మంచిదనుకున్నారు. 2,104 మంది రోగులపై జరిపిన అవర్ట్ అనే అధ్యయనం ఫలితాలు 2015లో వెలువడ్డాయి. వాటిలో అలా కదిలించిన రోగులే మూడు నెలలకు కాస్త వెనకబడ్డారు.

కణాల మీద మోజుంటే ప్రయోగశాలే. ఫిజియోథెరపీ చదివినవారికి నా ఓటు వార్డుకే, జీతం రెండు చోట్లా అంతంతమాత్రమే అయినా.