తారస్థాయి వరుసలా, స్ట్రా సాధనా?

కర్ణాటక సంగీతం పాడుతూ పై షడ్జమం (పై ‘స’) దగ్గరికి రాగానే గొంతు బిగుసుకుపోతోందా? దారులు రెండున్నాయి: పై స్వరాలను సాధన చేయించే తారస్థాయి వరుసలు, నీళ్లలో ముంచిన స్ట్రాలోకి గొంతు పలికించే స్ట్రా సాధన.

ఖర్చు: వరుసలకు గురువు, ఆధార స్వరం ఇచ్చే శ్రుతిపెట్టె కావాలి. స్ట్రాకు గ్లాసు నీళ్లు చాలు.

శ్రమ: వరుసల్లో పై షడ్జమం మీద నిలబడి, ‘ద ని స రి’ అంటూ పై రిషభాన్ని తాకి దిగాలి, ఊపిరి పట్టు లేకపోతే స్వరం జారుతుంది. స్ట్రా కొస నీళ్లలో ముంచి, బుడగలు ఆగకుండా ‘ఊ’ని కింది నుంచి పైకి జారిస్తే సరి.

ముప్పు: వరుసల్లో అరిచే అలవాటు పడుతుంది. మెడ నరాలు పొంగితే అక్కడే ఆపండి. స్ట్రాలో ఎదురొత్తిడి వల్ల స్వరతంత్రుల తాకిడి తగ్గుతుంది. స్వరస్థానం (స్వరం సరిగ్గా పలకాల్సిన చోటు), గమకం (స్వరాన్ని ఊపి పలకడం) మాత్రం దానితో రావు.

కచేరీ పాడాలంటే వరుసలు తప్పవు. గొంతు అలసినవాళ్లకు, కొత్తవాళ్లకు ముందు స్ట్రాయే మేలు. వరుసలు మరీ కష్టమైతే శ్రుతి (ఆధార స్వరం) అరకట్ట, అంటే అర మెట్టు, తగ్గించుకోండి, అందులో నామోషీ లేదు.