కారు ఎత్తడానికి ఏది మేలు: బాటిల్ జాకీనా, ట్రాలీ జాకీనా, ర్యాంపులా?

స్టెప్నీ మార్చడానికి కారుతో వచ్చిన సిజర్ జాకీ చాలు. ఆయిల్ మార్చాలన్నా, బ్రేక్ ప్యాడ్లు వేయాలన్నా అది చాలదు. దాని అడుగు చిన్నది, బరువంతా ఒకే స్క్రూ మర మీద నిలుస్తుంది, కారు కాస్త ముందుకో వెనక్కో కదిలితే పక్కకు ఒరిగిపోతుంది. దాన్ని డిక్కీలోనే ఉంచండి. ఇంట్లో పని చేసుకోవడానికి విడిగా కొనాలంటే ఎంచుకోవాల్సింది బాటిల్ జాకీ (సీసాలా నిలువుగా ఉండే హైడ్రాలిక్ జాకీ), ట్రాలీ జాకీ (చక్రాల మీద దొర్లే పొడుగు హైడ్రాలిక్ జాకీ), ర్యాంపుల (కారును నడిపి ఎక్కించే వాలు దిమ్మలు) మధ్య. ఏ జాకీ కొన్నా రెండు స్టాండ్లు కూడా కొనాల్సిందే. కారును ఎత్తడం వరకే జాకీ పని, ఎత్తాక బరువు మోయాల్సింది స్టాండ్లు.

బాటిల్ జాకీ ధర తక్కువ, బలం ఎక్కువ. బొలెరో లాంటి ఛాసిస్ బండికి (బాడీ కింద విడిగా ఉక్కు చట్రం ఉండేది) వెనక యాక్సిల్ కింద నేరుగా పెట్టి ఎత్తడానికి దీన్ని మించింది లేదు. చిన్న కార్ల దగ్గరే చిక్కు. 5 టన్నుల బాటిల్ జాకీ పూర్తిగా దించినా దాదాపు 20 సెంటీమీటర్లు ఉంటుంది. స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 16–17 సెంటీమీటర్లే, టైరులో గాలి పోతే ఇంకా తగ్గుతుంది. ఎలాగో దూర్చినా దాని తల పది రూపాయల బిళ్లంత. డోర్ల కింది రేకు అంచుకు అది ఆనితే అంచు వంగిపోతుంది, లేదా తల జారిపోతుంది.

హ్యాచ్‌బ్యాక్, సెడాన్, చిన్న ఎస్‌యూవీ ఉన్నవాళ్లకు ట్రాలీ జాకీయే మేలు. 2 టన్నులది సరిపోతుంది. స్విఫ్ట్ మొత్తం బరువు సుమారు 900 కిలోలు, జాకీ మీద పడేది అందులో ఒక భాగమే. దించినప్పుడు 13–14 సెంటీమీటర్లు, ఎత్తినప్పుడు 33కు పైన వచ్చేది చూసుకోండి. దీని చేయి లేచేటప్పుడు వంపు తిరుగుతూ లేస్తుంది కాబట్టి జాకీ కూడా కారు కిందికి కొంచెం దొర్లాలి. చక్రం మట్టిలో కూరుకున్నా, షాబాదు బండల సందులో ఇరుక్కున్నా జాకీ దొర్లదు. అప్పుడు దాని తల కారును లాగుతుంది, లేదా జారుతుంది. అందుకే జాకీ చక్రాలకు అడ్డు పెట్టకూడదు. నేల మెత్తగా ఉంటే జాకీ దొర్లేంత వెడల్పున్న 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క పరవండి. సెల్లార్‌లో నీళ్లు పోవడానికి వాలు ఇచ్చిన చోట పని పెట్టుకోకండి.

కొత్తవాళ్లు తికమక పడేది జాకీ ఎక్కడ, స్టాండు ఎక్కడ అన్న దగ్గర. రేకు అంచు మీద రెండు చిన్న గాట్లు కనిపిస్తాయి, వాటి మధ్యే బరువు మోసే చోటు. జాకీ అక్కడే పెడితే స్టాండుకు చోటుండదు. మాన్యువల్‌లో ముందు క్రాస్ మెంబర్ (కారు కింద అడ్డంగా ఉండే ఉక్కు దూలం) దగ్గర జాకీ చోటు చూపించి ఉంటే అక్కడ ఎత్తి, రెండు వైపులా గాట్ల దగ్గర స్టాండ్లు పెట్టండి. గాడి ఉన్న రబ్బరు దిమ్మ వేస్తే అంచు వంగదు, పెయింటు లేచి తుప్పు పట్టదు. ఆయిల్ సంపు, గేర్‌బాక్సు, పెట్రోలు ట్యాంకు, ఎలక్ట్రిక్ కారైతే బ్యాటరీ పెట్టె, వీటి కింద జాకీ పెట్టనే కూడదు.

హ్యాండ్ బ్రేక్ వేశాం కదా అనుకుంటే పొరపాటు. చాలా కార్లలో అది పట్టేది వెనక చక్రాలనే. వెనక భాగం ఎత్తారంటే అది పట్టి ఉంచేదేమీ లేదు. ముందు చక్రాలతో నడిచే కారులో ఒక ముందు చక్రం గాల్లో ఉంటే గేరు కూడా ఆపలేదు, డిఫరెన్షియల్ (రెండు చక్రాలు వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల అమరిక) వల్ల నేల మీద ఉన్న రెండో చక్రం దొర్లగలదు. ఆటోమేటిక్ కారు గేరు ‘పీ’లో (పార్కింగ్) ఉన్నా అంతే. కాబట్టి నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా చెక్క అడ్లు తప్పనిసరి.

స్టాండ్లలో పళ్ల రకం, పిన్ను రకం ఉన్నాయి. నా ఓటు పిన్ను రకానికే. ఎత్తు మార్చడం నెమ్మది, కానీ పిన్ను పూర్తిగా దూరిందో లేదో కంటికి కనిపిస్తుంది. పళ్ల రకంలో బరువును ఆపే నాలుక (చిన్న ఇనప మడత) పంటిలో సగమే కూర్చుంటే, హ్యాండిల్‌కు దెబ్బ తగిలినప్పుడు స్టాండు దిగిపోవచ్చు. ఇలాంటి లోపం వల్లే 2020లో అమెరికాలో పనిముట్లు అమ్మే హార్బర్ ఫ్రైట్ సంస్థ తన పిట్స్‌బర్గ్ బ్రాండు 3, 6 టన్నుల స్టాండ్లను వెనక్కి పిలిచింది. అక్కడ ఉంటూ సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు లేబుల్ మీది ఐటమ్ నంబరు సరిచూసుకోవాలి. ఏ రకమైనా దాని కాళ్లు ఎండకు మెత్తబడిన తారులో, మట్టిలో దిగబడతాయి కాబట్టి కింద ప్లైవుడ్ వేయండి. స్టాండు బదులు ఇటుకలు, సిమెంటు దిమ్మలు అసలే వద్దు. అవి ముందు సూచన ఇవ్వకుండా ఒక్కసారిగా పగులుతాయి.

ఒట్టి ఆయిల్ మార్పే మీ పనైతే ర్యాంపులు హాయి. జాకీలోలా సీలు కారి కారు దిగిపోతుందన్న భయం లేదు, కారు తన చక్రాల మీదే నిలబడుతుంది. కానీ చక్రం విప్పే పని ఏదీ దీని మీద కాదు. నున్నటి పార్కింగ్ టైల్స్ మీద ఎక్కిస్తుంటే ర్యాంపు ముందుకు జారుతుంది, కింద రబ్బరు మ్యాట్ వేయాలి. బంపర్ కిందికి ఉన్న కారైతే వాలు తక్కువగా ఉండే పొడుగు ర్యాంపే కొనాలి.

జాకీతో పని వరస ఇది. చక్రం విప్పేదుంటే కారు నేల మీద ఉండగానే నట్లు అర చుట్టు వదులు చేయండి. ఎత్తండి, స్టాండ్లు పెట్టండి, జాకీ వాల్వు చాలా కొద్దిగా తిప్పి నెమ్మదిగా బరువు దింపండి. కిందికి దూరకముందే నిలబడి కారును గట్టిగా ఊపి చూడండి. కదిలితే మళ్లీ ఎత్తి సరిచేయండి. తర్వాత జాకీని బరువు మోయకుండా ఆనీ ఆననట్టు అక్కడే ఉంచి, విప్పిన చక్రాన్ని రేకు అంచు కింద పడుకోబెట్టండి. వాల్వులో చిన్న ఇసుక రేణువు చేరినా జాకీ దిగుతుంది కాబట్టి ఒక్క జాకీ మీద ఉన్న కారు కింద చెయ్యి కూడా పెట్టొద్దు. దించాక నట్లు ఎదురెదురుగా బిగించి, చివర టార్క్ రెంచ్‌తో (బిగింపు ఎంతో కొలిచి చూపే స్పానర్) మాన్యువల్‌లో రాసినంత బిగింపు ఇవ్వండి. 50–100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి చూడండి.