వహున్సెనకా ముట్టడా, ఒపెచాన్కనో దెబ్బా: పౌహటాన్లకు ఏది మేలు?

1607 మే నెలలో 104 మంది ఇంగ్లీషు మగవాళ్ళు, కుర్రాళ్ళు ఇప్పటి అమెరికాలోని వర్జీనియాలో జేమ్స్ నది ఒడ్డున దిగి, జేమ్స్‌టౌన్ పేరుతో కోట కట్టుకున్నారు. ఆ ప్రాంతానికి అప్పటికే సెనకొమాకా అనే పేరుంది. సుమారు 30 ఆదివాసీ తెగలు, 14 వేలో 15 వేలో జనం, వాళ్ళందరికీ ఒక పెద్ద రాజు. ఆయన సొంత పేరు వహున్సెనకా. ఇంగ్లీషువాళ్ళు పౌహటాన్ అన్నారు, అది ఆయన సొంత ఊరి పేరు. ఆయన జనానికీ ఆ పేరే స్థిరపడింది.

తర్వాతి 40 ఏళ్ళలో ఆ కొత్తవాళ్ళను ఎదుర్కోవడానికి ఇద్దరు నాయకులు రెండు దారులు పట్టారు. వహున్సెనకా తిండి చేతిలో పెట్టుకుని లొంగదీయాలని చూశారు. ఆయన తర్వాత పగ్గాలు పట్టిన తమ్ముడు ఒపెచాన్కనో ఒక్క దెబ్బతో తరిమేయాలని చూశారు. చాలామంది దీన్ని మెతక అన్న, కరకు తమ్ముడి కథగా చెబుతారు. నాకు అది అన్యాయం అనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్ళు ఓడిపోయి నిజంగానే ఓడలెక్కి వెళ్ళిపోయింది ఒక్కసారే. అది మెతక అనిపించుకున్న అన్న కాలంలోనే.

ముందు వాళ్ళ పాలన గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆయన ఎత్తుగడ అర్థం కాదు. ఒక్కో తెగకు వెరొయన్స్ అనే నాయకుడు, ఆడవాళ్ళైతే వెరొయన్స్‌క్వా. వాళ్ళందరి పైన వహున్సెనకా. ఆయనకు పెద్దల నుంచి వచ్చినవి ఆరో ఏడో తెగలు. మిగతావి యుద్ధంతోనో, భయపెట్టో, పెళ్ళి సంబంధాలతోనో కలుపుకున్నవి. ఆ తెగలు మొక్కజొన్న, జింక తోళ్ళు, ముత్యాలు, రాగి కప్పంగా తెచ్చి ఇచ్చేవి. రాగి వాళ్ళకు హోదా. దాంతోనే ఆయన యోధులను సంపాదించుకునేవారు. వారసత్వం తల్లి వైపు నడిచేది: రాజు తర్వాత తమ్ముళ్ళు, తర్వాత అక్కచెల్లెళ్ళు, ఆ తర్వాత అక్కచెల్లెళ్ళ పిల్లలు. కాబట్టి ఆయన కూతురు పొకహాంటస్‌కు ఆ రాజ్యం మీద ఏ హక్కూ లేదు.

వహున్సెనకా దారి

వచ్చినవాళ్ళను ఆయన 31వ తెగగా చూశారు. 1607 డిసెంబరులో ఒపెచాన్కనో మనుషులు కోట నాయకుల్లో ఒకడైన జాన్ స్మిత్‌ను పట్టుకుని, రాజధాని వెరోవొకొమొకోకు తీసుకెళ్ళారు. స్మిత్ తల బండ మీద పెట్టి చంపబోతే పొకహాంటస్ అడ్డుపడి కాపాడటం అందరికీ తెలిసిన కథే. స్మిత్ 1608లో రాసిన వివరంలో ఆ ముక్కే లేదు, 1624 పుస్తకంలో వచ్చి చేరింది. 1608 వివరంలో ఉన్నది నాకు అంతకంటే ముఖ్యం. పాస్పహే తెగ నేలలో ఉన్న ఆ కోట వదిలేసి, తన నది ఒడ్డున కపహోసిక్ అనే చోటుకు వచ్చి ఉండమని వహున్సెనకా అడిగారు. మొక్కజొన్న, జింక మాంసం తాను పెడతానన్నారు. బదులుగా వాళ్ళు గొడ్డళ్ళు, రాగి సామాను చేసివ్వాలి. అంటే తన కళ్ళెదుట, తన తిండి తింటూ, తన పనివాళ్ళుగా ఉండాలి.

అప్పట్లో ఆ లెక్క తప్పేమీ కాదు. 1608 జనవరికి కోటలో 38 మందే మిగిలారు. వాళ్ళకు వ్యవసాయం సాగలేదు, నది నీళ్ళు ఉప్పన, పైగా 1606 నుంచి 1612 దాకా ఘోరమైన కరువు. అక్కడి పాత సైప్రస్ చెట్ల వలయాలు చూసిన శాస్త్రవేత్తలు, 770 ఏళ్ళలో అంత పొడిగా గడిచిన ఏడేళ్ళు లేవని తేల్చారు.

1608లో లండన్ నుంచి వచ్చిన హుకుం ప్రకారం ఆయనకు కిరీటం పెట్టడానికి ఇంగ్లీషువాళ్ళు బయలుదేరారు. కిరీటం పెట్టించుకుంటే ఇంగ్లండ్ రాజుకు సామంతుడు అయినట్టే. జేమ్స్‌టౌన్‌కు రమ్మని పిలిస్తే ఆయన రానన్నారు. నేనూ రాజునే, ఇది నా నేల, కావాలంటే మీరే రండి అన్నారు. రాగి కిరీటం, ఎర్ర అంగీ, మంచం మోసుకుని కెప్టెన్ న్యూపోర్ట్ అక్కడికే వెళ్ళాడు. మోకాలు వంచమంటే ఆయన ఎంతకీ వంచలేదు. చివరికి భుజాల మీద చేతులేసి నొక్కితే కాస్త వంగారు, ఆ సందులో నెత్తిన పెట్టేశారు. ఇచ్చిన బహుమతులకు బదులుగా ఆయన తన పాత చెప్పులు, కప్పుకునే తోలు దుప్పటి ఇచ్చారు. సామంతుడి లక్షణం ఒక్కటీ కనపడదు ఇందులో.

ఇంతలో ఓడల వాళ్ళు రాగిని ఇష్టం వచ్చినట్టు మార్పిడి చేసేసరికి దాని విలువ పడిపోయింది. అంతకుముందు ఔన్సు రాగికి వచ్చిన సరుకు ఇప్పుడు పౌనుకు కూడా రావడం లేదని స్మిత్ గోల పెట్టాడు. 1609 జనవరిలో మొక్కజొన్న కోసం వెళితే వహున్సెనకా రాగి వద్దు, కత్తులు, తుపాకులు ఇవ్వండి అన్నారు. ప్రేమగా అడిగితే దొరికేదాన్ని బలవంతంగా ఎందుకు తీసుకుంటారు, మేం గింజలు దాచేసి అడవిలోకి వెళ్ళిపోతే ఆకలితో చచ్చేది మీరే కదా, అన్నారు. ఈ మాటలు రాసింది స్మిత్ కాబట్టి మాట మాటకూ నమ్మలేం. కానీ తర్వాత ఆయన చేసింది సరిగ్గా అదే. ఇంగ్లీషు పడవలకు అందనంత లోపల ఒరపాక్స్‌కు రాజధాని మార్చేసి, గింజల వ్యాపారం ఆపేసి, కోటను చుట్టుముట్టించారు. గింజలు కొందామని వెళ్ళిన రాట్‌క్లిఫ్ బృందంలో ఎక్కువమంది తిరిగి రాలేదు.

1609-10 చలికాలం ముగిసేసరికి కోటలో సుమారు 300 మందికి గాను 60 మంది మిగిలారు. గుర్రాలు, కుక్కలు, ఎలుకలు, తోలు తిన్నారు. చివరికి శవాలను తిన్నారు. 2012 తవ్వకాల్లో బయటపడ్డ 14 ఏళ్ళ అమ్మాయి పుర్రె మీద కోతల గాట్లు ఆ సంగతి రుజువు చేశాయి. 1610 జూన్ 7న మిగిలినవాళ్ళు కోట ఖాళీ చేసి ఓడలెక్కారు. పెద్ద యుద్ధం ఏదీ లేకుండా, ఒక్క చలికాలంలో వహున్సెనకా గెలిచారు.

మర్నాడే నదిలో కొత్త గవర్నర్ డెలవేర్ ఓడలు ఎదురొచ్చాయి, నిండా తిండి, మనుషులతో. వెళ్ళేవాళ్ళను వెనక్కి తిప్పాడు.

ఆ ముట్టడిలో ఒక కంత ఉంది. నది ముఖద్వారంలో పాయింట్ కంఫర్ట్ దగ్గర ఇంగ్లీషువాళ్ళ చిన్న కోట ఒకటుంది. జేమ్స్‌టౌన్ ఆకలితో చస్తుంటే అక్కడివాళ్ళు పీతలు పట్టి తాము తిని, మిగిలినవి పందులకు వేశారు. వసంతంలో జేమ్స్‌టౌన్ పెద్ద జార్జ్ పెర్సీ వెళ్ళి చూసి మండిపడ్డాడు. సముద్రం వైపు తలుపు తెరిచే ఉంది. దాన్ని మూయడానికి పౌహటాన్ల దగ్గర ఫిరంగులు లేవు, పెద్ద ఓడలూ లేవు.

ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ళు ఆ ఆకలి ఆయుధాన్నే వాళ్ళ మీద తిప్పారు. 1610 ఆగస్టులో పాస్పహే ఊరు తగలబెట్టి, పంట నరికి, నాయకుడి భార్యనూ పిల్లలనూ పట్టుకున్నారు. పిల్లలను నీళ్ళలోకి విసిరి కాల్చారు, తర్వాత ఆమెనూ చంపారు. ఇది రాసింది ఆ దాడి నడిపిన పెర్సీయే. 1613లో పొకహాంటస్‌ను ఎత్తుకెళ్ళారు. 1614లో ఆమెకు జాన్ రాల్ఫ్ అనే ఇంగ్లీషువాడితో పెళ్ళి అయింది, యుద్ధం ఆగింది.

ఆ మే నెలలో డెప్యూటీ గవర్నర్ థామస్ డేల్, వహున్సెనకా చిన్న కూతురిని తనకిమ్మని రాయబారం పంపాడు. డేల్‌కు ఇంగ్లండ్‌లో భార్య ఉంది. ఒక కూతురు మీ దగ్గర ఉంది, అది చాలు, ఇంకొకరిని ఇవ్వను, అన్నారు వహున్సెనకా. ముసలివాణ్ణయ్యాను, ప్రశాంతంగా పోవాలనుంది, మీరు అన్యాయం చేస్తే నా దేశం పెద్దది, ఇంకా దూరం జరుగుతాను, అన్నారు. (ఈ డేల్ తర్వాత ఈస్టిండియా కంపెనీ ఓడల దండుకు నాయకుడై, జావా దగ్గర డచ్చివాళ్ళతో పోరాడి, 1619లో మన మచిలీపట్నం చేరి అక్కడే చనిపోయాడు. జేమ్స్‌టౌన్‌ను నడిపే వర్జీనియా కంపెనీకీ ఈస్టిండియా కంపెనీకీ అప్పట్లో పెద్ద ఒక్కడే, థామస్ స్మిత్ అనే లండన్ వ్యాపారి.)

నా దృష్టిలో వహున్సెనకా చేసిన పెద్ద తప్పు ఇలా దూరం జరగడమే. రాల్ఫ్ వేసిన పొగాకు సరిగ్గా అప్పుడే లండన్‌లో అమ్ముడుపోవడం మొదలైంది. పొగాకు నేలను త్వరగా పీల్చేస్తుంది, ఎప్పటికప్పుడు కొత్త నేల కావాలి. 1618 నుంచి, వచ్చే ఒక్కో మనిషికీ 50 ఎకరాలు ఇస్తామని వర్జీనియా కంపెనీ ప్రకటించింది. వాళ్ళు ఎంచుకున్నది నది ఒడ్డు నేల. అక్కడే పౌహటాన్ ఆడవాళ్ళ మొక్కజొన్న చేలు, దుంపలు తవ్వుకునే చిత్తడి నేలలు. ఎనిమిదేళ్ళ శాంతిలో పోయినంత నేల అంతకుముందు యుద్ధంలో పోలేదు.

ఒపెచాన్కనో దారి

1618లో వహున్సెనకా పోయారు. పేరుకు ఇంకో తమ్ముడు రాజు, నడిపింది ఒపెచాన్కనో. ఆయన ఓపిక మామూలుది కాదు. హెన్రైకస్ అనే ఇంగ్లీషు ఊళ్ళో పౌహటాన్ పిల్లలకు కాలేజీ పెడతామని వచ్చిన జార్జ్ థోర్ప్‌ను నమ్మించారు, అతను కట్టించిన ఇంగ్లీషు పద్ధతి ఇంట్లో ఉన్నారు, ఆకాశం కూలినా ఈ శాంతి చెడదని కబురు పంపారు.

1622 మార్చి 22 ఉదయం పౌహటాన్లు చేతిలో ఆయుధం లేకుండా, జింక మాంసం, టర్కీ కోళ్ళు, చేపలు పట్టుకుని ఎప్పటిలా ఇంగ్లీషు ఇళ్ళకు వచ్చారు. కొందరు వాళ్ళతో కూర్చుని పొద్దుటి తిండి కూడా తిన్నారు. ఒక్కసారిగా ఆ ఇంట్లో ఉన్న గొడ్డలి, పార ఏది దొరికితే అది తీసుకుని చంపారు. నది పొడవునా ఒకేరోజు 347 మంది పోయారు. మొత్తం ఉన్నది 1,240 మంది దాకా, అంటే నాలుగో వంతుకు పైనే. థోర్ప్ కూడా పోయాడు. ఒక ఇంగ్లీషు ఇంట్లో పెరుగుతున్న పౌహటాన్ కుర్రాడు ముందురోజు రాత్రి చెప్పేయడంతో జేమ్స్‌టౌన్ మాత్రం తప్పించుకుంది.

దాడి నడిపిన తీరు అసామాన్యం, అందులో సందేహం లేదు. కానీ ఆ తర్వాత ఆయన ఆగిపోయారు. పౌహటాన్ల యుద్ధ పద్ధతిలో అంత దెబ్బ తిన్నవాడు తట్టాబుట్టా సర్దుకుని వెళ్ళిపోవాలి. వీళ్ళు వెళ్ళలేదు. పొలాలకు వెళ్ళడానికి భయపడి, కోటల్లో ఇరుక్కుని, ఆ చలికాలంలో వందలమంది ఆకలికీ జబ్బులకూ చచ్చిపోయారు. దెబ్బ చేయలేనిది ఆకలి మళ్ళీ చేస్తోంది, అప్పుడు బిగించాల్సిన ముట్టడి లేదు. 1623 మేలో శాంతి మాటలకని పిలిచి, విషం కలిపిన మద్యం తాగించి పౌహటాన్లను చంపారు. పంట చేతికొచ్చే వేళ చూసి ఏటేటా చేలు తగలబెట్టారు. కంపెనీ అచ్చు వేయించిన వివరం బాహాటంగానే చెప్పింది: ఇక యుద్ధ హక్కు మీద వాళ్ళు బాగుచేసుకున్న పొలాలే తీసుకోవచ్చని.

1644 ఏప్రిల్ 18న ముసలితనంలో ఒపెచాన్కనో ఇంకోసారి కొట్టారు. ఈసారి సుమారు 400 మంది. కానీ అప్పటికి ఇంగ్లీషువాళ్ళు 8 వేలు దాటారు. 1646లో ఆయన దొరికిపోయారు. నడవలేరు, రెప్పలు ఎవరో ఎత్తితే గానీ చూడలేరు. జేమ్స్‌టౌన్ చెరలో ఒక కాపలావాడు వెనక నుంచి కాల్చి చంపాడు.

రెండూ పక్కపక్కన పెడితే

ఇంగ్లీషువాళ్ళను వెళ్ళగొట్టడమే గురి అయితే వహున్సెనకా దారే మేలు అంటాను. తక్కువ ప్రాణనష్టంతో, వాళ్ళ అసలు బలహీనత మీద పనిచేసింది. 1610లో దాన్ని చెడగొట్టింది ఒక్కరోజు తేడాతో వచ్చిన ఓడలు. ఒపెచాన్కనో దెబ్బ అంతకంటే గొప్పగా తగిలింది, కానీ పన్నెండేళ్ళు ఆలస్యంగా. అప్పటికి పొగాకు డబ్బు ఉంది, చచ్చినవాళ్ళ స్థానంలో ఏటా ఓడల నిండా మనుషులు దిగుతున్నారు. అయినా ఆయన్ను తప్పుపట్టలేను. 1622 నాటికి ఊరుకోవడం అంటే నేల వదులుకోవడమే. 1609లో ముట్టడికి తోడు ఆ దెబ్బ, 1622లో ఆ దెబ్బ వెనక ముట్టడి ఉంటే ఏమయ్యేదో అని ఈ చరిత్ర చదివిన ప్రతిసారీ బాధేస్తుంది.

ఇంగ్లీషువాళ్ళతో సర్దుకుపోవడం మూడో దారి కదా, అదే మేలు కదా అనేవాళ్ళున్నారు. అలా సర్దుకుపోయిన వాళ్ళకు ఏం జరిగిందో చూడాలి. రాజు లేకుండా పెద్దల సభతో నడిచే చికహోమినీలు, వహున్సెనకా కింద ఉండటం ఇష్టం లేక 1614లో నేరుగా ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందం చేసుకున్నారు, ఏటా మొక్కజొన్న ఇస్తామని. రెండేళ్ళకు ఇవ్వలేమనేసరికి డెప్యూటీ గవర్నర్ యార్డ్‌లీ సైనికులతో వచ్చి చాలామందిని చంపాడు. వాళ్ళు ఒపెచాన్కనో పక్షాన చేరారు. చెసపీక్ అఖాతం అవతలి అకోమాక్‌లు అయితే 1622లో దాడిలో చేరనే లేదు, చివరిదాకా స్నేహంగా ఉన్నారు. వాళ్ళ వారసులైన గింగాస్కిన్‌లకు 1640లో కొంత నేల కేటాయించారు. మరుసటేడే దాన్ని కుదించారు. 1813లో ఆ కేటాయింపునే రద్దు చేసి ముక్కలుగా పంచేశారు.

అందరికంటే గట్టిగా పోరాడిన పమంకీలు, ఒపెచాన్కనో సొంత తెగ, ఇప్పటికీ తమ నది వంపులో తమ నేల మీదే ఉన్నారు. 1646లో ఒపెచాన్కనో తర్వాత వచ్చిన నెకొటోవాన్స్ ఏటా 20 బీవర్ తోళ్ళ కప్పానికి ఒప్పుకుని సంధి చేసుకున్నారు. 1677లో కొకకోస్కీ అనే వెరొయన్స్‌క్వా ఇంకో సంధి మీద గుర్తు వేసి దాన్ని నిలబెట్టుకున్నారు. ఆ కాగితం ప్రకారం పమంకీ, మటపొనై తెగలు ఇప్పటికీ ఏటా థాంక్స్‌గివింగ్ ముందు వర్జీనియా గవర్నర్‌కు జింకను తెచ్చి ఇస్తాయి. సంధి రాయాల్సి వచ్చింది ఎదుటివాడు వీళ్ళకు భయపడ్డాడు కాబట్టే అని నా నమ్మకం. అమెరికా ప్రభుత్వం పమంకీలను గుర్తించడానికి 2015 దాకా పట్టింది, చికహోమినీలతో సహా వర్జీనియాలోని ఇంకో ఆరు తెగలకు 2018 దాకా.