కోల్డ్ ఎయిర్ ఇంటేక్: మోత పెరిగింది, మరి పవర్?

నాది టర్బో (గాలిని ఇంజిన్‌లోకి బలంగా తోసే పంపు) లేని పెట్రోల్ కారు. ఇంజిన్‌కు బయటి చల్లగాలి అందిస్తామంటూ, కంపెనీ గాలి గొట్టం, ఫిల్టర్‌ల బదులు వేసేదే కోల్డ్ ఎయిర్ ఇంటేక్ కిట్. అది బిగించి కొన్నేళ్లయింది. పికప్ పెరిగిందా అని ఇప్పటికీ అడుగుతుంటారు. పెరిగినట్టే అనిపిస్తుంది. అలా అనిపించడంలో సగానికి పైగా శబ్దం పనే. గాలి మోతను అణచడానికి కంపెనీ గొట్టానికి రెజొనేటర్ అనే ఖాళీ ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. కిట్ వేస్తే అది పోతుంది. ఇక యాక్సిలరేటర్ తొక్కితే చాలు, ఇంజిన్ గర్జిస్తుంది. స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే మాత్రం తేడా చేతికి చిక్కదు.

సూత్రంలో తప్పేమీ లేదు. గాలి 10 డిగ్రీల సెల్సియస్ చల్లబడితే దాని సాంద్రత సుమారు 3 శాతం పెరుగుతుంది. లోపలికి ఎంత గాలి వచ్చిందో ఎంఏఎఫ్ సెన్సర్ కొలుస్తుంది, దానికి తగ్గ పెట్రోల్‌ను ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇంజెక్టర్లతో కొట్టిస్తుంది. ఆ లెక్కన 100 హార్స్‌పవర్ ఇంజిన్‌కు మహా అయితే ఇంకో మూడు రావాలి. మెలికల్లా ఏమిటంటే, కంపెనీ ఇంటేక్ కూడా బయటి గాలినే పీలుస్తుంది. బానెట్ ఎత్తి ఎయిర్ బాక్స్ (కంపెనీ ఫిల్టర్ ఉండే డబ్బా) మూతి ఎటు తిరిగి ఉందో చూడండి. చాలా కార్లలో అది గ్రిల్ వెనక్కో, ఫెండర్ లోపలికో పోతుంది. కొత్త గొట్టం అంతకంటే చల్లగాలి ఎక్కణ్ణుంచి తెస్తుంది?

ఓబీడీ రీడర్ (కారు సెన్సర్ల అంకెలు చూపించే పరికరం) తగిలించి ఇంటేక్ ఉష్ణోగ్రత చూస్తుంటాను. కారు వేగంగా పోతున్నప్పుడు అది బయటి వేడి కంటే కొద్ది డిగ్రీలే ఎక్కువ, పాత బాక్స్‌తోనూ అంతే ఉండేది. ట్రాఫిక్‌లో ఆగితే చాలు, అంకె ఎగబాకడం మొదలవుతుంది. అప్పుడు ఆ మెరిసే అల్యూమినియం గొట్టం మీద చెయ్యి వేస్తే చుర్రుమంటుంది. ఫిల్టర్‌ను బానెట్ కిందే తెరిచి వదిలేసే పొట్టి కిట్లయితే మరీ అన్యాయం, అవి పీల్చేది ఇంజిన్ వేడినే.

పైగా రోజూ నడిపేటప్పుడు థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) సగం కూడా తెరవం. అప్పుడు గాలిని ఆపుతున్నది ఆ థ్రాటిల్ పలకే, ఫిల్టర్ కాదు. ఫుల్‌గా తొక్కి ఆర్పీఎం పైకి లాగినప్పుడు ఇంజిన్ కాస్త తేలిగ్గా తిరుగుతుందేమో, అంతకు మించి ఆశించకండి. మైలేజీ అసలే మారలేదు. మామూలు నడకలో ఆక్సిజన్ సెన్సర్ చూసుకుని ఈసీయూ 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోల్ లెక్క తప్పనివ్వదు.

డైనో (కారును రోలర్ల మీదికి ఎక్కించి పవర్ కొలిచే యంత్రం) గ్రాఫులు చూపించి అమ్ముతారు. బానెట్ తెరిచి, ఎదురుగా పెద్ద ఫ్యాన్ పెట్టి తీసిన గ్రాఫును నేను లెక్కలోకి తీసుకోను. మార్చకుండా వదిలేసిన కారునే రెండుసార్లు ఎక్కించినా ఒకటి రెండు శాతం అటూ ఇటూ వస్తుంది.

నన్ను నిజంగా విసిగించింది నూనె పూసే ఫిల్టర్. ఉతికి నూనె పట్టించాక అది కాస్త ఎక్కువైతే, ఎంఏఎఫ్ సెన్సర్‌లోని సన్నటి తీగ మీద పొరలా పేరుకుంటుంది. నాకూ అలాగే అయింది: ఐడిల్ (కారు ఆగి ఉన్నప్పటి ఇంజిన్ వేగం) ఊగిసలాడి, చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. సెన్సర్ క్లీనర్ స్ప్రే కొడితే సర్దుకుంది. ఇప్పుడు పొడి ఫిల్టరే వాడుతున్నాను. ఫిల్టర్‌ను బంపర్ కింద దాకా దించే కిట్లు మాత్రం వద్దు. నిలిచిన నీళ్లలో అది మునిగితే నీరు సిలిండర్లలోకి చేరి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి.

టర్బో కారు, దానికి తగ్గట్టు ఈసీయూ ట్యూనింగ్ కూడా చేయిస్తున్నారంటే కథ వేరు, అక్కడ ఇంటేక్ అడ్డు తగ్గితే టర్బోకు శ్రమ తగ్గుతుంది. మామూలు ఇంజిన్‌కైతే శబ్దం నచ్చితేనే కొనండి. కొన్నా పాత ఎయిర్ బాక్స్ పారేయకండి, కారు అమ్మేటప్పుడు మొదట అడిగేది దాన్నే.