మద్రాసు పాతపట్నంలో మూడు రోజులు, మా నాయనతో

నెల్లూరోళ్ళకి మద్రాసంటే ఆస్పత్రి, పెళ్ళిబట్టలు, కాదంటే విమానం. పనయ్యాక సాయంత్రం రైలెక్కేస్తాం. నేనూ ఎన్నో ఏళ్ళు అంతే చేశాను. ఈసారి మాత్రం పాతపట్నమైన జార్జిటౌన్ ఒక్కటి చూడటానికే నాయనతో కలిసి శుక్రవారం బయల్దేరాను. చిన్నప్పుడు తాత వెంట అక్కడి కొత్వాల్‌చావడి మార్కెట్‌కి సరుకు కొనడానికొచ్చేవాడు నాయన. అప్పటి కొట్టు అరుగు ఒకటి ఆయన మనసులో ఉంది. దాన్ని వెతకాలన్నది ఆయన కోరిక.

ముందు బస సంగతి చెప్తాను. మొదటి రాత్రి జార్జిటౌన్‌లోనే ఒక లాడ్జిలో దిగాం. సరుకు దించే కేకలు, చేతిబండ్ల చప్పుడు తెల్లవారుజాము దాకా ఆగలేదు. లిఫ్టు లేదు, మూడో అంతస్తు. డెబ్బై దాటిన మనిషితో వెళ్ళేవాళ్ళు ఆ పని చెయ్యొద్దు. రెండో రోజు ఎగ్మూరుకు మారాం. అక్కణ్ణుంచి మెట్రోలో సెంట్రల్, అక్కడ మారి హైకోర్టు లేదా మన్నడి స్టేషన్. గది అద్దె కాస్త ఎక్కువైనా నిద్ర దక్కింది.

శుక్రవారం గోవిందప్ప నాయకన్ వీధిలో మొదలుపెట్టాం. కూరగాయల మార్కెట్ 1996లో కోయంబేడుకు వెళ్ళిపోయినా కిరాణా, మసాలా దినుసుల బేరం ఇక్కడ తగ్గలేదు. ధనియాల ఘాటుకు ముక్కులు అదిరాయి. ధర అడగబోతే కొట్టాయనే తెలుగులో అందుకున్నాడు: "ఏ ఊరమ్మా మీది?" నెల్లూరన్నాక నాయనకు కుర్చీ వేయించాడు. దగ్గర్లోనే ఆర్యవైశ్యుల కన్యకాపరమేశ్వరి గుడి ఉంది. దసరా రోజుల్లో వెళ్తే వైభవం చూడొచ్చంటారు. మేం వెళ్ళినప్పుడు ప్రశాంతంగా ఉంది. అరుగు మాత్రం కనబడలేదు. ప్రతి కొట్టు ముందూ మనిషెత్తు బస్తాలే.

సాయంత్రం దేవరాజ మొదలి వీధిలో చెన్నకేశవ పెరుమాళ్, చెన్నమల్లీశ్వరుల జంట గుళ్ళు చూశాం. నాకు ఈ యాత్రలో అన్నిటికన్నా నచ్చిన చోటు ఇదే. ఈ గుడి మొదట ఇప్పటి హైకోర్టు ఉన్న వైపు ఉండేది. 1746లో ఫ్రెంచివాళ్ళు ఇంగ్లీషువాళ్ళ సెయింట్ జార్జ్ కోట పట్టుకుని, 1749లో తిరిగిచ్చారు. ఆ తర్వాత కోట ఎదుట ఇళ్ళుంటే శత్రువుకు మాటు దొరుకుతుందని ఇంగ్లీషువాళ్ళు పాత నల్లవాడను (బ్లాక్ టౌన్, స్థానికులు ఉండే పేట) నేలమట్టం చేశారు. గుడి కూడా అందులో పోయింది. మణలి ముత్తుకృష్ణ మొదలియారు పూనుకుంటే ఇక్కడ మళ్ళీ లేచింది. చెన్నై పేరు ఈ కేశవుడి నుంచి వచ్చిందని కొందరంటారు. 1639లో ఈస్టిండియా కుంపిణీకి ఈ తీరం ఇచ్చిన దామెర్ల సోదరులు తమ తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు పెట్టించారని ఇంకొందరు. ఎటు చూసినా ఆ పేరు మన చెవికి పరాయిది కాదు.

రాత్రి ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డులో సీనాభాయ్ నెయ్యి ఊతప్పం. నిలబడే తినాలి, అయినా నాయన రెండోది అడిగాడు. తంగసాల వీధిలో కాకడా రామ్‌ప్రసాద్ బాదంపాలు ఆయనకు తీపెక్కువైంది, నాకు కాదు.

శనివారం కోట. మ్యూజియానికి శుక్రవారం సెలవు కనక ఇలా సర్దుకున్నాం. సచివాలయం కూడా లోపలే కాబట్టి గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి. 1680 నాటి సెయింట్ మేరీ చర్చి, 1947 ఆగస్టు 15న ఎగరేసిన జెండా, ఈ రెంటికే రెండు గంటలు ఇవ్వొచ్చు. హైకోర్టు ఎర్రటి గోపురాన్ని బయటినుంచే చూశాం. 1892లో పూర్తయిన ఆ భవనం పై గోపురమే చాలా ఏళ్ళు ఓడలకు దీపస్తంభం. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ ఓడ ఎమ్డెన్ వేసిన గుండ్లకు గుర్తుగా ప్రహరీగోడకు ఒక ఫలకం ఉంది. తంబుచెట్టి వీధిలో కాళికాంబ గుడికి 1677 అక్టోబరు 3న శివాజీ వచ్చాడని అక్కడ రాసిపెట్టారు. గుడి మధ్యాహ్నం మూస్తారు, పొద్దున్నే వెళ్ళండి.

తర్వాత అణ్ణాపిళ్ళై వీధి. పొట్టి శ్రీరాములు 1901 మార్చి 16న పుట్టింది ఈ వీధిలోనే. మా జిల్లాకు ఆయన పేరే. మద్రాసుతో కూడిన ఆంధ్ర కోసం 58 రోజులు అన్నం మాని, 1952 డిసెంబరు 15న ఇదే ఊళ్ళో మైలాపూరులో ప్రాణం విడిచాడు. లోడు బండ్లు తోసుకుపోతుంటే మేమిద్దరం గోడవారగా నిలబడ్డాం. "పుట్టిన ఊరునే కదమ్మా ఆయన అడిగింది," అన్నాడు నాయన. ఆ మాట తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

ఆదివారం తొమ్మిదిన్నరకు ఆర్మేనియన్ చర్చిలో గంటలు మోగాయి. 1772 నాటి చర్చి, ఆరు పెద్ద గంటలు. వినడానికి ఆర్మేనియన్లు ఊళ్ళో ఇంచుమించు ఎవరూ మిగల్లేదు, సమాధిరాళ్ళే ఉన్నాయి. ఆర్మేనియన్ భాషలో లోకంలోనే మొదటి పత్రిక అజ్దరార్‌ను 1794లో మద్రాసులో అచ్చువేసిన ష్మావోన్యన్ సమాధి కూడా అక్కడే. దేవగన్నేరు చెట్ల కింద అరగంట కూర్చున్నాం.

ఆదివారం వీధులు వేరు. కొట్లు మూసేస్తారు కాబట్టి కొనుగోళ్ళకు పనికిరాదు, కానీ ఇళ్ళు బయటపడతాయి. పైఅంతస్తుల చెక్కకమ్ములు, రాతి మెట్లు, ఇన్నాళ్ళూ బస్తాలు కప్పేసిన అరుగులు. ఒక మలుపులో నాయన నా చెయ్యి వదిలేసి ముందుకెళ్ళాడు. అంచు అరిగిన నల్లరాతి అరుగు. "ఇదేనమ్మణ్ణీ. మీ తాత లోపల బేరమాడతుంటే నన్నిక్కడ కూచోబెట్టేవోడు." ఇంకేమీ చెప్పకుండా, మూసిన తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. మా రైలుకు ఇంకా రెండు గంటలుంది.