గెలుపు హర్ట్స్‌దా, ఈగల్స్‌దా? ఒక ఫుట్‌బాల్ చందా సేవపై సమీక్ష

ఒంగోలులో ఉంటూ అమెరికన్ ఫుట్‌బాల్ చూసే అలవాటు నాకు మా అబ్బాయి వల్ల వచ్చింది. ఫిలడెల్ఫియాకు దగ్గరలో ఉద్యోగం చేస్తున్న అతను ఆ నగరపు జట్టు ఈగల్స్‌కు వీరాభిమాని. 2024 సీజన్‌కు ముందు, విదేశీ ప్రేక్షకుల కోసం నడిచే ఒక చందా సేవకు నా పేరున ఏడాది రుసుము కట్టాడు. ఆ ఏడాదంతా మా ఇద్దరి మధ్య ఫోనులో ఒకటే వాదన: "నాన్నా, జట్టును గెలిపిస్తున్నది హర్ట్సే" అని అతను, గెలుపులో ఒక్కరి వాటా అంత ఉండదని నేను. కాబట్టి ఈ సేవను కూడా ఆ వాదనతోనే తూచాను. ఈగల్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకొని జట్టు దాడిని నడిపే ఆటగాడు) జేలన్ హర్ట్స్‌కు దక్కుతున్న పేరు ఎంతవరకు న్యాయమో తేల్చుకోవడానికి ఇది పనికొస్తుందా అన్నదే నా పరీక్ష.

ముందు వేళల సంగతి. ఫిలడెల్ఫియాలో ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలయ్యే ఆటలు మనకు రాత్రి పదిన్నరకు, శీతాకాలానికి అక్కడి గడియారాలను గంట వెనక్కి జరిపిన తర్వాత పదకొండున్నరకు వస్తాయి. ఆదివారం రాత్రి ఆట మనకు సోమవారం తెల్లవారుజామున పడుతుంది. ప్రత్యక్ష ప్రసారం మూడు గంటలకు పైగా సాగినా, బంతి నిజంగా ఆటలో ఉండేది అందులో దాదాపు 11 నిమిషాలే. ఉద్యోగానికి వెళ్లవలసినవారికి ఇది కష్టం. అందుకే ఈ సేవలో ఎక్కువమంది వాడేది, విరామాలన్నీ తీసేసి సుమారు 40 నిమిషాలకు కుదించిన రికార్డింగు. అది చక్కగా ఉంటుంది, బొమ్మ స్పష్టంగా ఉంటుంది, ఒక మోస్తరు ఇంటర్నెట్ ఉన్నా ఆగకుండా నడుస్తుంది.

అయితే మా వాదనకు సంబంధించినంతవరకు ఆ కుదింపు రికార్డింగే మనల్ని తప్పుదారి పట్టిస్తుందని నాకు నాలుగైదు వారాలలో అర్థమైంది. ఈ ఆటలో దాదాపు ప్రతిసారీ బంతి మొదట క్వార్టర్‌బ్యాక్ చేతికే వస్తుంది, కెమెరా బంతి వెంట పోతుంది, కనుక మన చూపు అతని మీదే నిలుస్తుంది. అతని ముందు నిలబడి ప్రత్యర్థులను ఆపే ఐదుగురు లైన్ ఆటగాళ్లు తెరమీద ఉన్నా మనం వారిని చూడము. మా ప్రకాశం జిల్లాలో తిరునాళ్లకు జరిగే బండలాగుడు పోటీలు చూసినవారికి ఇది కొత్త విషయం కాదు. మైకులో మోగేది జత యజమాని పేరు. బండ కదిలేది ఎడ్ల బలంతోను, వాటిని అదిలించి నడిపేవారి నేర్పుతోను. హర్ట్స్ ఆ యజమాని వంటివాడని నేను అనను, ఎందుకంటే అతను కూడా కాడి కింద మెడ పెట్టి లాగినవాడే. కాని కాడికి అటు పక్కన ఉన్నది ఎవరో మైకు చెప్పడం లేదు.

ఆ అటు పక్కను చూపించేది ఇదే సేవలో, ఆట ముగిసిన తర్వాత వేరుగా పెట్టే ఎత్తు కెమెరా రికార్డింగు. శిక్షకులు వాడుకునే ఈ చిత్రంలో వ్యాఖ్యానం ఉండదు, ముఖాలు కనిపించవు, కాని రెండు జట్ల ఇరవై ఇద్దరూ ప్రతి క్షణం తెరమీదే ఉంటారు. రుసుములో సగం విలువ దీనికే ఇస్తాను. 2024లో ఈగల్స్ పరుగు ఆటగాడు సాక్వాన్ బార్‌క్లీ బంతితో పరుగెత్తి సాధించిన 2,005 గజాలను ఇందులో చూస్తే, అతని వేగానికి ముందు దారి ఎలా తెరుచుకున్నదో తెలుస్తుంది. లైన్‌లో ఎడమ వైపు నిలబడే జోర్డన్ మైలాటా ఆస్ట్రేలియాలో రగ్బీ ఆడినవాడు. 2018లో ఈగల్స్ తీసుకునేనాటికి అతను ఈ ఆట ఒక్కసారి కూడా ఆడి ఉండలేదు. అంతటి మనిషిని ఇంత నమ్మకమైన కాపరిగా మలిచిన లైన్ శిక్షకుడు జెఫ్ స్టౌట్‌లాండ్ పేరు గెలుపు మర్నాటి పొగడ్తలలో ఎంతమంది తలచారు? 2024 డిసెంబరులో కరోలినా జట్టుపై 22–16తో గెలిచిన ఆటలో హర్ట్స్ పాస్‌లతో వచ్చినవి 108 గజాలే. జట్టు గెలిచింది, రికార్డులో అతని ఖాతాలోనే ఆ గెలుపు పడింది.

నా అభిప్రాయాన్ని స్థిరపరచినవి రెండు ఫైనల్స్. 2023 ఫిబ్రవరిలో కాన్సాస్ సిటీతో జరిగిన సూపర్ బౌల్‌లో హర్ట్స్ పాస్‌లతో 304 గజాలు, పరుగుతో 70 గజాలు సాధించి, మూడు టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించడం) తానే పరుగెత్తి చేశాడు. అతని చేతి నుంచి జారిన ఒక బంతిని ప్రత్యర్థి టచ్‌డౌన్‌గా మార్చుకున్న మాట నిజమే అయినా, అంత గొప్పగా ఆడిన క్వార్టర్‌బ్యాక్‌ను నేను మరొకరిని చూడలేదు. ఈగల్స్ 38–35తో ఓడిపోయారు. రెండేళ్ల తర్వాత, 2025 ఫిబ్రవరిలో, మనకు సోమవారం తెల్లవారి ఐదు గంటలకు మొదలైన ఫైనల్‌లో అదే ప్రత్యర్థిపై 40–22తో గెలిచారు. అప్పుడు హర్ట్స్ పాస్‌ల లెక్క 221 గజాలు, ఉత్తమ ఆటగాడి బహుమతి అతనికే. ఎత్తు కెమెరాలో ఆ ఆటను రెండుసార్లు చూశాను. డిఫెన్స్ శిక్షకుడు విక్ ఫాంజియో అదనంగా ఒక్కరినీ ముందుకు దూకించకుండా, ముందు వరుస వారితోనే కాన్సాస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్‌ను ఆరుసార్లు పడగొట్టించాడు. మిగిలిన ఏడుగురూ వెనుక దారులన్నీ మూసి నిలబడ్డారు. సగం ఆటకు స్కోరు 24–0 కాగా, అందులో ఏడు పాయింట్లు కూపర్ డిజీన్ అనే తొలి ఏడాది కుర్రాడు పాస్‌ను మధ్యలో అందుకొని పరుగెత్తినందువల్ల వచ్చినవి. మెరుగైన ఆట ఓటమిలో, బహుమతి గెలుపులో ఉన్నప్పుడు, గెలుపుల లెక్కతో ఒక మనిషిని కొలవడం ఎలా న్యాయమవుతుంది?

మా అబ్బాయి ఊరుకోలేదు. 2024 డిసెంబరు 22న వాషింగ్టన్‌తో ఆటలో హర్ట్స్ తలకు దెబ్బ తగిలి బయటకు వెళ్లాక జట్టు 36–33తో ఓడిందని గుర్తుచేశాడు. నిజమే. తరువాతి రెండు ఆటలలో అతను లేకుండానే డల్లాస్‌ను 41–7తో, న్యూయార్క్ జెయింట్స్‌ను 20–13తో ఓడించారన్నదీ అంతే నిజం.

అయినా హర్ట్స్‌కు చెందవలసిన గౌరవం ఒకటి ఉంది, దాన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. 2023 సీజన్‌లో మొదటి పదకొండు ఆటలలో పది గెలిచిన ఈ జట్టు చివరి ఆరింటిలో ఐదు ఓడి కూలిపోయింది. ఆ ఏడాది హర్ట్స్ విసిరిన పాస్‌లు 15 ప్రత్యర్థుల చేతికి చిక్కాయి. మరుసటి ఏడాది ఆ సంఖ్య 5కు తగ్గింది. బార్‌క్లీ వచ్చాడు, ఫాంజియో వచ్చాడు, కొత్త కుర్రాళ్లు వచ్చారు, వీటన్నిటితో పాటు హర్ట్స్ అనవసరపు సాహసం మానుకున్నాడు. పొగడ్త తగ్గినా పరవాలేదని బంతిని భద్రంగా బార్‌క్లీ చేతిలో పెట్టే క్వార్టర్‌బ్యాక్‌లు అరుదు. ఎత్తు కెమెరాలో ఇది కూడా కనిపిస్తుంది: దూరాన ఒక తోటి ఆటగాడు కాస్త ఖాళీగా ఉన్నా, పక్కన ప్రత్యర్థి దగ్గరలో ఉంటే హర్ట్స్ విసరడు. గెలిపించింది అతనొక్కడే కాదు. గెలుపును చెడగొట్టనిది మాత్రం చాలావరకు అతనే, ఆ నిగ్రహాన్ని నేను చిన్నదిగా చూడను.

ఇక లోపాలు. సేవ తెరవగానే మొదటి పేజీలోనే ఫలితం కనిపించడం పెద్ద బాధ. ఉదయం చూద్దామని దాచుకున్న ఆట స్కోరు నాకు కనీసం ఆరుసార్లు ముందే తెలిసిపోయింది. ఎత్తు కెమెరా రికార్డింగు ఆట ముగిసిన వెంటనే రాదు, వచ్చాక కూడా మూడు మెనూలు దాటితేగాని దొరకదు. తెలుగు వ్యాఖ్యానం లేదు. ఆంగ్ల వ్యాఖ్యాతలు నియమాలు తెలిసినవారికే మాట్లాడతారు కనుక మొదటి నెల నేను పక్కన కాగితం పెట్టుకొని పదాలు రాసుకున్నాను.

కేవలం స్కోరు, ఉత్సాహం కావలసినవారికి ఉచితంగా దొరికే చిన్న వీడియోలు చాలు. వారికి ఈ చందా సిఫారసు చేయను. ఎవరి వల్ల గెలిచారన్న ప్రశ్న మనసులో ఉన్నవారు తప్పక తీసుకోవచ్చు. తీసుకున్నవారు 2025 ఫైనల్‌ను ముందు కుదింపులో, మర్నాడు ఎత్తు కెమెరాలో చూడండి. రెండోసారి హర్ట్స్‌ను వదిలి, అతని ముందు కాపుగా నిలబడే సొంత జట్టు లైన్ ఆటగాళ్లు ఐదుగురిని మాత్రమే మొదటి పావు ఆట వరకు గమనించండి. సంక్రాంతికి మా అబ్బాయి వచ్చినప్పుడు అతనికీ అలాగే చూపించబోతున్నాను.